రెండో ఉడుకు నీళ్ళు

2022 వానాకాలం. ఆంధ్రా హద్దున ఉన్న కొంటా బ్లాకులో రహదారి పక్కనున్న ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నేను ఫీడింగ్ డెమాన్‌స్ట్రేటర్‌గా పనిచేస్తున్నాను. ఆసుపత్రి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను. ఈ కథను ఇప్పటికే చాలామంది చాలా సభల్లో చెప్పారు. ఒక్కరు చెప్పినదాంట్లో కూడా నేను లేను. అందుకే రాస్తున్నాను.

నా ఉద్యోగం పేరు విని ఎవరికీ ఏమీ అర్థం కాదు. మా ఆసుపత్రిలో ఎన్.ఆర్.సి. అనే వార్డు ఉంటుంది. తిండి చాలక బాగా చిక్కిపోయిన పసిపిల్లల్ని తల్లితో సహా రెండు వారాలు అక్కడ ఉంచుకుని, మందులతో కాకుండా తిండితో నిలబెడతారు. పాలల్లో చక్కెర ఎంత, నూనె ఎంత, ఎంతసేపటికోసారి పట్టాలి అన్నది చూసేది నేను. ఇంటికి వెళ్ళాక ఏం వండి పెట్టాలో తల్లులకు పొయ్యి ముందు నిలబడి చూపించేది కూడా నేనే. జగదల్‌పూర్‌లో హోమ్ సైన్స్ చదివాను. మా నాన్నది కొంటాలో కిరాణా కొట్టు. తెలుగు, హిందీ ఇంట్లో వచ్చాయి. ఇక్కడి దోర్ల ఆదివాసుల భాష దోర్లీ మాత్రం కొట్టు మెట్ల మీద కూర్చుని ఉప్పు, పొగాకు కొనుక్కునే ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నాను.

అంత నేర్చుకుని ఏం లాభం? ఆ ఏడాది మా బ్లాకులో ఎవరినైనా "పోషణ దీదీ ఎవరు?" అని అడిగితే మాధురి పేరు చెప్పేవారు.

మాధురి ఒక ప్రాజెక్టు తరఫున బ్లాక్ కోఆర్డినేటర్‌గా వచ్చింది. గనుల టౌన్‌షిప్‌లో పెరిగిన ఆంధ్రా పిల్ల. దోర్లీ ఒక్క ముక్క రాదు. చదువు కూడా నాకంటే ఎక్కువేం కాదు. కానీ గొంతు ఉంది. అంగన్‌వాడీ ముందు కొంగు నడుముకు దోపుకుని నిలబడి పాట అందుకుంటే ముసలివాళ్ళ దగ్గర్నుంచి మేకలు కాసేవాళ్ళ దాకా చుట్టూ చేరేవాళ్ళు. నేను అదే ఊళ్ళో పప్పు ముందే నానబెట్టడం గురించి చెబితే తల్లులు ఆవలించేవారు. నాకు కనబడకుండా ఆవలించేవారు, మర్యాదస్తులు కాబట్టి. కానీ నాకు కనబడేది.

ఆ ఏడాది ఆమె ఒక కొత్త పాట కట్టింది. "ఉడికిన నీళ్ళు పారబోయకే వదినా, బలమంతా ఆ నీళ్ళలోనే ఉన్నదే వదినా" అని మొదలవుతుంది. ఆకుకూరలు ఉడికించి నీళ్ళు పారబోస్తే అందులోని విటమిన్లు కొన్ని పోతాయన్నది నిజమే. మా పుస్తకాల్లోనూ ఉంది. ఆ పాటను ఆమె బ్లాకు మీటింగులో పాడి వినిపించింది. బల్లల మీద తాళం వేశారు. నేను చెయ్యెత్తాను.

"ఏ నీళ్ళో పాటలో చెప్పాలి. ఇక్కడివాళ్ళు ఆకుకూర ఒక్కటే ఉడకబెట్టరు. వానాకాలంలో పులిదుంప కూడా ఉడకబెడతారు," అన్నాను.

మీటింగుకు పెద్దగా కూర్చున్న అధికారి హిందీలో, వసుధగారికి చక్కెరలో కూడా చేదే కనిపిస్తుంది అన్నాడు. అందరూ నవ్వారు. మాధురి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. చేయి అడ్డం పెట్టుకుంటే నవ్వు కనబడదని ఆమె అనుకుని ఉంటుంది. తరవాత చాలా మెత్తగా, "పులిదుంప సంగతి వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు కదండీ వసుధగారూ. తరతరాలుగా తింటున్నారు. మనం నేర్పాలా?" అంది. ఆ మాటకు కూడా ఆమెనే మెచ్చుకున్నారు, ఎంత వినయమో అని. ఫోటో తీసినప్పుడు నేను చివర నిలబడ్డాను. పేపర్లో వచ్చిన ఫోటోలో నా మోచేయి ఉంది.

పులిదుంప గురించి తెలియనివాళ్ళకు ఇక్కడ కొంచెం చెప్పాలి. ఇది అడవిలో తీగ వేరుకు ఊరే దుంప. తీగకు ముళ్ళుంటాయి, ఆకు మూడు రెక్కలుగా ఉంటుంది. దుంప నేలలో మరీ లోతుకు పోదు కాబట్టి తవ్వడం తేలిక. దోర్లవాళ్ళు, కోయవాళ్ళు గింజలు అయిపోయిన నెలల్లో దీని మీదే నెట్టుకొస్తారు. ఇందులో ఉన్నదంతా దాదాపు పిండిపదార్థమే. కడుపు నింపుతుంది, కష్టం చేసే ఒంటికి శక్తి ఇస్తుంది. మాంసకృత్తులు తక్కువ, రక్తం పట్టించే గుణం తక్కువ, అందుకని పక్కన పప్పో చేపో ఉండాలి. పచ్చిగా తింటే మాత్రం విషం. ఇందులో ఒక ఆల్కలాయిడ్ ఉంటుంది. మొక్క తనను తాను కాపాడుకోవడానికి తయారుచేసుకునే చేదు పదార్థాలను ఆల్కలాయిడ్లు అంటారు. ఇది గొంతు మండిస్తుంది, వాంతులు చేయిస్తుంది, ఎక్కువైతే నరాల మీదికి పోయి మూర్ఛలు తెప్పిస్తుంది. దాని మంచిగుణం ఒక్కటే, అది నీళ్ళలో కరుగుతుంది. అందుకే దుంపను పలచగా కోసి, ఉడికించి, గంపలో వేసి పారే వాగులో పెడతారు. పారే నీరు విషాన్ని కొంచెం కొంచెంగా లాక్కుపోతుంది. మా భాషలో దీన్ని లీచింగ్ అంటారు. దోర్లవాళ్ళు దానికి వేరే పేరేమీ పెట్టుకోలేదు. వాగులో పెట్టడం అంటారు, అంతే.

కొన్ని వారాల తరవాత, విడవని వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, జోగి అనే ఆమెను ఊరివాళ్ళిద్దరు మోటార్‌సైకిల్ మీద మధ్యన కూర్చోబెట్టుకుని తీసుకొచ్చారు. జోగి నాకు తెలుసు. ఆమె చిన్నబిడ్డ అంతకుముందే మా వార్డులో ఉండి కోలుకుని వెళ్ళింది. జోగి ఒంట్లోనే రక్తం తక్కువ. కాన్పప్పుడు చాలా పోయింది. వార్డులో ఉన్నన్నాళ్ళూ నేను ఆమెకు మునగాకు, పప్పు, బెల్లం అని చెప్పి చెప్పి అలిసిపోయాను. ఇప్పుడు తల నిలపలేకపోతోంది. వాంతులు. గొంతులో మంట అని చేత్తో చూపిస్తోంది. పరీక్ష బల్ల మీద పడుకోబెట్టేసరికి కాళ్ళూ చేతులూ ఒకసారి కొట్టుకున్నాయి.

డాక్టర్ రాయ్‌పూర్ వైపు అబ్బాయి. మంచివాడే. చూడగానే "జహర్ కా కేస్," విషం కేసు అన్నాడు. పొలం మందేమో అని వాసన చూశాడు, కళ్ళు చూశాడు. పురుగుమందు లక్షణాలు పూర్తిగా కలవడం లేదన్నాడు. సెలైన్ పెట్టి, మూర్ఛ ఆగడానికి సూది వేశాడు.

వరండాలో గొడవ మొదలైంది. జోగి అన్న ముత్తయ్య పక్క ఊరినుంచి తడుస్తూ వచ్చాడు. జోగి భర్త నాట్ల కూలీకి తెలంగాణ వైపు వెళ్ళి ఉన్నాడు. ఇంట్లో ఉన్నది అత్త నాగమ్మ, జోగి, ఇద్దరు పిల్లలు. వెనకే వచ్చిన నాగమ్మ చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ముత్తయ్య ఆమె ముందు నిలబడ్డాడు.

"ఇంటిల్లిపాది ఒక్క కుండల తిన్నరు. అందరు మంచిగున్నరు. నా చెల్లె ఒక్కతే ఎట్ల పడ్డది? పక్కింటి కన్నమ్మ చూసింది. చెంబుల పోసి నా చెల్లెకొక్కదానికే ఇచ్చినవంట. ఏం పోసినవ్?"

"నీళ్ళు."

"నీళ్ళు తాగి మూర్ఛలొస్తయా?"

"నీళ్ళే," అంది నాగమ్మ.

"ఠాణాకు పోత నేను. బిడ్డను, నా చెల్లెను మా ఇంటికి తీస్కపోత. నిన్ను లోపలేయిస్త."

విషం కేసు ఏదైనా ఎం.ఎల్.సి. అవుతుంది. అంటే ఆసుపత్రి పోలీసులకు తెలియజేయాల్సిన కేసు. తిండిలో పొరపాటు అని డాక్టర్ రాస్తే ఒక దారి. ఎవరిమీదైనా అనుమానం ఉందని ఇంటివాళ్ళే చెబితే అది ఇంకో దారి. సెలైన్ ఎక్కించేటప్పుడు డాక్టర్ నాతో అదే అన్నాడు. ముసలామె ఠాణాకు వెళ్తే ఎప్పటికి తిరిగొస్తుందో ఎవరు చెప్పగలరు? వచ్చినా కోడలికి విషం పెట్టిన మనిషి అని ఊరు ఆమె ఇంట నీళ్ళు ముట్టదు.

నన్ను పిలిచింది ఆ గొడవ కోసం కాదు, చంటిదాని కోసం. తల్లి ఏం మింగిందో తేలేదాకా తల్లిపాలు ఇవ్వకూడదు. నేను గిన్నె, చెంచా తీసుకుని పాలు కలిపి, నాగమ్మను, బిడ్డను వార్డు వంటగదిలోకి తీసుకెళ్ళాను. బిడ్డకు పాలు పడుతూ డైట్ రీకాల్ మొదలుపెట్టాను. నిన్నటినుంచి నోట్లోకి పోయినదంతా వరసగా అడిగి తెలుసుకోవడం అది. చూడ్డానికి తేలికగా ఉంటుంది. నేను బాగా చేసే పని అదొక్కటే అని మా వార్డులో ఒకసారి అన్నారు. అదొక్కటే అన్నారు.

"అవ్వా, నిన్నటిసంది ఏమేం తిన్నరు?"

"ఏం తింటం బిడ్డా. వానల ఏముంటది. పులిదుంప."

"ఎవరెవరు తిన్నరు?"

"అందరం. నేను, కోడలు, పెద్ద మనుమరాలు. కన్నమ్మ గూడ ఇంత పట్కపోయింది. గా కన్నమ్మనే నా మీద చెప్పింది చూడు. నా దుంప తిని నా మీదనే."

"ఎట్ల వండినవ్?"

నాగమ్మ నా మొహంలోకి చూసింది. "చెప్తే నీకేం తెలుస్తది? కొట్లోల్ల బిడ్డవు. గోనెసంచుల బియ్యం తప్ప ఏం చూసినవ్ నువ్వు?"

ఈ మాట కూడా నాకు గుర్తుంది. "చూడలేదు గనకనే అడుగుతున్న. చెప్పు," అన్నాను.

చెప్పింది. తొక్క తీసింది. పలచగా కోసింది. ఉడకబెట్టింది. ఆ మొదటి నీళ్ళు ఇంటి వెనక గుంట తవ్వి పోసి పైన మట్టి కప్పింది. కోళ్ళు తాగితే చస్తాయని ఎప్పుడూ అలాగే చేస్తుంది. తరవాత వాగులో పెట్టాలి. వాగు పొంగి ఉంది. గంప పెడితే గంపతో సహా పోతుంది. అందుకని ఇంట్లోనే పెద్ద కుండలో నానబెట్టి నీళ్ళు మారుస్తూ వచ్చింది. ఒక ముక్క తీసి నాలిక మీద పెట్టుకుని చూసింది.

"ఇంక కొంచెం గుంజుతుండె. గొంతుల పట్టుకుంటుండె. గందుకే మల్ల ఉడకబెట్టిన. అప్పుడు చూస్తే ముక్క మంచిగైంది. తియ్యగ. ముందు నేను తిన్న. సేపు కూసున్న. ఏం కాలె. అప్పుడే పిల్లకు, కోడలికి పెట్టిన."

"ఆ రెండోసారి ఉడికిన నీళ్ళు?"

నాగమ్మ బిడ్డ మూతి కొంగుతో తుడిచింది.

"అవ్వా, రెండో ఉడుకు నీళ్ళు ఏం చేసినవ్? గుంటల పోసినవా?"

ఆమె వరండా వైపు చూసింది. ముత్తయ్య గొంతు ఇంకా వినిపిస్తోంది. నెమ్మదిగా అంది. "దీదీ చెప్పింది గద బిడ్డా. బలమంత నీళ్ళల్లనే పోతదని. పాట గూడ ఉంది. కోడలికి రక్తం లేదని నువ్వే అంటివి. మొదటి నీళ్ళు విషమని నాకు తెల్వదా? అవి పారబోసిన. ఇవి రెండోయి గద. ముక్క తియ్యగైంది గద. ఉప్పేసి, చల్లార్చి, కోడలికిచ్చిన. నేను తాగలె. మనుమరాలికి గూడ పొయ్యలె. ఆమె ఒక్కదానికే ఉంచిన."

ముక్క ఎందుకు తియ్యగా అయింది? చేదంతా నీళ్ళలోకి దిగింది కాబట్టి. ముక్కను రుచి చూసే ఆచారం వాళ్ళకు ఎప్పటినుంచో ఉంది. అది ఎన్నో ప్రాణాలు కాపాడిన ఆచారం. నీళ్ళను రుచి చూసే ఆచారం మాత్రం లేదు. ఎందుకంటే ఆ నీళ్ళు ఎప్పుడూ ఎవరూ తాగలేదు. నాగమ్మ తనకు తెలిసినదంతా తు.చ. తప్పకుండా చేసింది. చివర్లో మాధురి పాట ఒక్కటి కలిపింది.

అప్పుడు నాకు కలిగింది సంతోషం. చదివేవాళ్ళు ఏమనుకున్నా సరే. పక్క గదిలో మనిషి సెలైన్ కింద ఉంది, నా ముందు ఒక ముసలామె జైలు అంచున కూర్చుంది, నాకు మాత్రం ఆ మీటింగు హాలు, బల్లల మీద తాళం కళ్ళముందు కదిలాయి. ఏ నీళ్ళో చెప్పాలి అని నేను అన్నాను. నేనొక్కదాన్నే అన్నాను.

డాక్టర్‌కు చెప్పాను. ఆయన రెండు ప్రశ్నలు అడిగి, తల ఊపి, "అయితే లక్షణాలు కలుస్తున్నాయి," అన్నాడు. ఈ విషానికి విరుగుడు మందంటూ వేరే లేదు. ఒంట్లోంచి పోయేదాకా మనిషిని కాపాడుకోవాలి, ఆ పనే ఆయన చేస్తున్నాడు. తరవాత నేను మాధురికి ఫోన్ చేశాను. చెయ్యాల్సిన అవసరం లేదు. చేశాను.

"మీ పాట తాగి ఒకావిడ పడిపోయింది. వచ్చి చూడండి," అన్నాను.

ఆమె వానలోనే స్కూటీ మీద వచ్చింది. ఆమె ఏమంటుందో, నేనేమనాలో అన్నీ సిద్ధం చేసుకున్నాను. నేను ఆకుకూరల గురించే చెప్పాను అంటుంది. అప్పుడు నేను మీటింగు గుర్తుచేస్తాను. వాళ్ళు సరిగ్గా అర్థం చేసుకోలేదు అంటుంది. దానికీ జవాబుంది. ఆమె ఇవేవీ అనలేదు. నేను చెప్పినదంతా నిలబడి వింది. తడి చెప్పులు గుమ్మంలో విడిచి నేరుగా వరండాలోకి వెళ్ళి నాగమ్మ ముందు నేలమీద కూర్చుంది.

"అమ్మమ్మా, తప్పు నాది. ఆ పాట కట్టింది నేనే. ఏ నీళ్ళో చెప్పలేదు. మీరేం తప్పు చెయ్యలేదు," అని ఏడ్చేసింది. అందరి ముందూ.

నాగమ్మ కొంగు తీసి ఆమె తల తుడిచింది. "ఏడ్వకు బిడ్డా. తడిసినవ్, జొరమొస్తది. నీ పాట మంచిదే. నాకే తెల్వలె."

నేను చంటిదాన్ని భుజాన వేసుకుని నిలబడి ఉన్నాను. దానికి పాలు పట్టింది, కడుపు నింపింది, దాని నాయనమ్మ నోటినుంచి అసలు సంగతి రాబట్టింది నేను. కొంగు మాత్రం ఆమె తల మీదుంది. నాతో "గోనెసంచుల బియ్యం" అన్న మనిషే, విషం పాట పాడినదాన్ని ఓదారుస్తోంది. ఇది న్యాయమా అని నేను ఎవరిని అడగాలి?

ముత్తయ్య మాత్రం కరగలేదు. నాకు ఆ క్షణంలో అతనొక్కడే తెలివైనవాడిగా కనిపించాడు.

"అందరు కలిసి కథలు చెప్తున్నరు. పులిదుంప నీళ్ళు నాకు తెల్వదా? నోట్ల పెడితే నాలిక గుంజుతది. ఉప్పేస్తే పోతదా చేదు? తెలిసి తెలిసి చెంబెడు చేదు ఎవరన్న తాగుతరా? బలవంతంగ తాగించింది ఈమె. లేకపోతే నా చెల్లె ఒక్క గుక్కల ఉమ్మేసేది."

మాధురి నా వైపు చూసింది. డైట్ రీకాల్‌లో ఏం తిన్నారో, ఎలా వండారో అడుగుతాం. చేదుగా ఉన్నది ఎందుకు మింగారు అని అడగం. నాగమ్మ తల వంచుకుంది. "ఎట్లున్నయో నేనడుగలె," అంది. "తాగింది. చెంబు ఇచ్చింది. మంచిగనే ఉన్నయనుకున్న."

ముత్తయ్య డాక్టర్ గది వైపు నడిచాడు, అనుమానం ఉందని రాయించడానికి. డాక్టర్ అతన్ని ఆపాడు. మనిషి తెలివిలోకి వస్తోంది, ఆమె మాట విన్నాక రాస్తాను అన్నాడు. సాయంత్రం దాకా మూర్ఛలు మళ్ళీ రాలేదు. జోగి కళ్ళు తెరిచి మొదట బిడ్డను అడిగింది. నేను తీసుకెళ్ళి చూపించాను. వెనకే ముత్తయ్య, అతని వెనక గుమ్మం దాటని నాగమ్మ, ఆమె పక్కన మాధురి.

"చెల్లే, చెప్పు. భయపడకు. నేనున్న. నీకు బలవంతంగ తాగించిందా లేదా?"

జోగి గొంతు బొంగురుగా ఉంది. "లేదన్నా."

"చేదు లేకుండెనా?"

"ఉండె. మస్తు చేదుండె."

"మరి ఎందుకు తాగినవే?"

జోగి గుమ్మం వైపు చూసింది. తరవాత అంది.

"మన ఇంట్ల ఎవలన్న నాకొక్కదానికని ఏదన్న ఉంచిన్రా అన్నా? అత్తింటికొచ్చినంక గూడ, పిల్లలకు పెట్టంగ మిగిలిందే తిన్న. అత్త మొదటిసారి నాకోసమని చల్లార్చి, ఉప్పేసి, పక్కకు పెట్టి ఇచ్చింది. పిల్ల అడిగితే గూడ పొయ్యలె. ఎదురుంగ కూసొని చూస్తుంది. ఎట్ల ఉమ్మేస్త? తాగిన. చెంబు ఖాళీ చేసి ఇచ్చిన."

ముత్తయ్య గోడ వైపు తిరిగి తల తువాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. నాగమ్మ గుమ్మంలోనే కూలబడింది. "పిచ్చిదానా, చేదుందని చెప్తే కొడ్తనా నేను?" అంది. తరవాత మోకాళ్ళ మీద జరుగుతూ మంచం దాకా వచ్చి కోడలి పాదాలు పట్టుకుని కూర్చుంది. జోగి కాళ్ళు వెనక్కి లాక్కోబోయింది, శక్తి లేక ఊరుకుంది.

డాక్టర్ తిండిలో పొరపాటు అని రాశాడు. ఠాణా మనిషి వచ్చి, విని, వెళ్ళాడు. ముత్తయ్య అనుమానం అన్న మాట ఎత్తలేదు. జోగిని మాత్రం తన ఇంటికి పంపమన్నాడు, పోటీకి అన్నట్టు: "మా ఇంట్ల గూడ ఉంచుతం ఆమెకు. చేపల పులుసు ఉంచుతం." జోగి నవ్వి, "ఇప్పుడా యాదికొచ్చింది?" అంది. ఒళ్ళు కుదుటపడ్డాక అత్త వెంటే వెళ్ళింది.

మాధురి ఆ రోజు వెళ్ళేముందు నడవాలో నన్ను ఆపింది. "మీరు ముందే చెప్పారు వసుధగారూ. నేను నవ్వాను," అంది.

"గుర్తుంది," అన్నాను.

ఆమె ఇంకేదో వినాలని నిలబడింది. నేను వార్డులోకి వెళ్ళిపోయాను.

ఆ తరవాత ఆమె పాట మార్చింది. ఆకుకూర నీళ్ళు పప్పులో కలపమని, దుంప నీళ్ళు ఎన్నో ఉడుకైనా సరే మట్టికే పొయ్యమని రెండు చరణాలు కలిపింది. వాన తగ్గాక ఊరూరూ తిరిగి, ఎక్కడైతే పాత పాట పాడిందో అక్కడే నిలబడి "నేను తప్పు చెప్పాను" అని చెప్పి కొత్తది పాడింది. ఎర్రబోరు సంతలో నేను స్వయంగా విన్నాను. జనం పాత పాటప్పటికంటే ఎక్కువ మంది ఉన్నారు. తప్పు ఒప్పుకున్న దీదీ అని పేరు. అసలు తప్పే చేయనిదానికి ఏ పేరూ రాదు. జగదల్‌పూర్‌లో సభ పెట్టి ఆమెకు శాలువా కప్పారు. నాగమ్మ అనే తల్లి నాకు పాఠం నేర్పింది అని ఆమె వేదిక మీద చెప్పింది. ఆసుపత్రి సిబ్బందికి కృతజ్ఞతలు అంది. ఆ సిబ్బంది హాల్లో ఉంది, మూలన, ఫ్యాన్ తిరగని చోట. కొత్త పాటలో దుంపల గురించి ఉన్న ప్రతి ముక్కా నేను రాసిచ్చినది. అడిగింది, రాసిచ్చాను. పిల్లల ప్రాణాల విషయం కాబట్టి రాసిచ్చాను.

రాసిచ్చినదేమిటో చదివేవాళ్ళకూ చెప్తాను. మన దుంపలు చెడ్డవి కావు. గింజ లేని రోజుల్లో అవి లేకపోతే ఈ అడవుల్లో చాలా పొయ్యిలు వెలగవు. కానీ చాలా దుంపలకు తమ విషం తమకుంది. చేమదుంపలో సూదుల్లాంటి ఆక్జలేట్ స్ఫటికాలుంటాయి, అందుకే సరిగ్గా ఉడకనిది గొంతు దురద పెడుతుంది. చింతపండు పులుసులో బాగా ఉడికిస్తే ఆ దురద తగ్గుతుంది. కర్రపెండలంలో, ముఖ్యంగా చేదు రకంలో, సయనైడ్‌ను పుట్టించే పదార్థం ఉంటుంది. తొక్క తీసి, కోసి, నానబెట్టి, మూత లేకుండా ఉడికించి నీళ్ళు వంపేయాలి. పులిదుంపది నీళ్ళలో కరిగే విషం. ఏ పొయ్యి మీదా ఆ విషం మాయమైపోదు. దుంపలోంచి నీళ్ళలోకి చేరుతుంది, అంతే. ముక్క ఎంత మంచిదైతే నీళ్ళు అంత చెడ్డవి. వాగు పొంగి పారే నీరు దొరకకపోతే ఆ వారం పులిదుంప జోలికి పోకపోవడమే మేలు.

ఇంతవరకూ మాధురి పాటలో ఉంది. లేనిది ఇంకొకటి ఉంది. అది నేను ఆమెకు ఇవ్వలేదు, ఇప్పుడే మొదటిసారి చెప్తున్నాను. ఆ కేసు తరవాత నా డైట్ రీకాల్‌లో ఒక ప్రశ్న చేర్చుకున్నాను. ఇంట్లో అందరూ తిన్నది అడిగాక, చివర్లో అడుగుతాను: "వీటన్నిటితో పాటు, ఈమెకొక్కదానికే అని ఎవరైనా ఏదైనా ఉంచారా? ఏం ఉంచారు?" అందరూ ఒక్క కుండలో తిని ఒక్కరే పడిపోయినప్పుడు చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. ఎవరో ఇచ్చిన నాటుమందో, ఎవరో దాచి పెట్టిన మాంసం తునకో, చల్లార్చిన చెంబో. ఎక్కువమంది ఆడవాళ్ళు మాత్రం ఆ ప్రశ్నకు నవ్వేసి, "మాకెవరు ఉంచుతారక్కా" అంటారు. నేనూ నవ్వి అది వదిలేసి తరవాతి ప్రశ్నకు వెళ్తాను. నన్నెవరైనా అడిగినా నా జవాబు అదే. అప్పుడప్పుడూ ఒకామె తల వంచుకుని, అవును, మా అత్త ఉంచింది అనో, మా ఆయన తెచ్చి ఇచ్చాడు అనో అంటుంది. విషం ఆమె కడుపులో ఉందని, ఆమెను బతికించాలని తెలిసి కూడా, ఆ ఒక్క క్షణం నాకు ఆమెను చూస్తే అసూయగా ఉంటుంది.